ముప్పై మూడేళ్లకే రిటైరైన ఇంజనీరు

మా తుర్కయాంజాల్ అపార్ట్‌మెంటు లిఫ్టులో ఈమధ్య కుర్రవాళ్ల మాటలు వింటుంటాను. పాతికేళ్లు నిండని పిల్లలు, నలభై వచ్చేసరికి ఉద్యోగం మానేసి హాయిగా బతకడానికి ఎంత కావాలో లెక్కలు వేస్తుంటారు. మొన్న ఒకడు కింది నుంచి నాలుగో అంతస్తుకు వచ్చేలోపల కొండల్లో ఇల్లు కూడా కట్టేశాడు. వాళ్లను ఆపాలని నాకేం లేదు. వాళ్లకంటే చాలా ముందే ఆ పని చేసి చూపించిన మనిషికి ఏడేళ్లపాటు అన్నం పెట్టినదాన్ని కాబట్టి, అతని సంగతి చెబుతాను. విన్నాక మీ ఇష్టం.

నేను ఇబ్రహీంపట్నం దగ్గర, సాగర్ రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉన్న ఒక ఫ్యాక్టరీలో క్యాంటీన్ ఇన్‌ఛార్జిగా పనిచేశాను. బోరుబావుల మోటార్లు తయారుచేసేవాళ్లు. మాది తెనాలి వైపు. పెళ్లయ్యాక మావారి టైలరింగు షాపు కోసం ఇటొచ్చి స్థిరపడ్డాం. వంటవాళ్లను అజమాయిషీ చెయ్యడం, సరుకులు తెప్పించడం, మధ్యాహ్నం గరిటె పట్టుకుని వడ్డన దగ్గర నిలబడడం నా పని. ఎవరు ఎలాంటివాళ్లో వాళ్ల పై అధికారులకంటే ముందు నాకు తెలిసేది. ఎందుకంటే పై అధికారుల ముందు ఎవరూ రెండోసారి కూర అడగరు.

ఇంజనీరు ఇరవై ఆరేళ్లవాడుగా టెస్టింగు సెక్షన్లో చేరాడు. మా వైపు కుర్రాడే. ఊరు చెప్పగానే ప్రాణం లేచొచ్చి, మొదటి రోజే పెద్ద గరిటెతో పప్పు వేశాను. అతను కంచం వైపు చూసి, "ఆంటీ, సాంబారు రెండోసారి వేసుకుంటే డబ్బులు తీసుకుంటారా అండీ" అని అడిగాడు. డబ్బులేం తీసుకోం అన్నాను. "మూడోసారి?" అన్నాడు.

ఆ తర్వాత అతను పొద్దున టిఫిన్ మా దగ్గరే తినేవాడు. మధ్యాహ్నం భోజనం మా దగ్గరే. సాయంత్రం ఓవర్‌టైము వాళ్లకు ఉప్మా చేస్తే, తనకు ఓవర్‌టైము లేకపోయినా ఏదో ఫైలు పట్టుకుని ఆ వేళ దాకా తిరిగేవాడు. శనివారం స్టీలు క్యారియరు తెచ్చి మిగిలిన సాంబారు పట్టుకెళ్లేవాడు. పెళ్లికాని కుర్రాడు, దూరాన ఉన్నాడు, మిగిలిపోయేది అతను తింటే తప్పేముంది. నాకు ఒళ్లు మండింది తిన్నందుకు కాదు, తింటూ చెప్పే పాఠాలకు.

"ఇరవైల్లో దాచాలాంటీ. ముప్పైల్లో దాన్ని పెంచాలి. ముప్పై అయిదుకల్లా ఉద్యోగం వదిలేసి కూర్చుని తినాలి. నా ప్లాను అది."

"యాభైల్లో ఏం చేస్తావు నాయనా?"

"యాభైల్లో కూడా కూర్చునే తినాలండి."

"అన్నేళ్లు కూర్చుంటే నడుం పట్టెయ్యదూ?"

అతను నా వైపు జాలిగా చూసి నవ్వాడు. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు. అతని లెక్కలో నేను ముప్పైల్లో ఏదీ పెంచని దాన్ని, ఇక బాగుపడే ఆశ లేనిదాన్ని.

ఇంకొక మనిషిని మీకు పరిచయం చెయ్యాలి. వైండింగ్ సెక్షన్లో, అంటే మోటారు లోపలి గాడుల్లో రాగితీగ చుట్టి కూర్చే చోట, ఆడవాళ్లు పనిచేసేవారు. వాళ్లందరికీ పెద్దది ఒక అక్క. రావిర్యాల పక్క పల్లె నుంచి వచ్చేది. అందరూ వైండింగ్ అక్క అనేవారు. కొత్తగా చేరిన పిల్లలను తిట్టి ఏడిపించేది. ఇంటి నుంచి జొన్నరొట్టె తెచ్చుకుని, నా దగ్గర కూర మాత్రం పోయించుకుని, పోయించుకున్న కూరకే వంకలు పెట్టేది.

"గిది పప్పా చెల్లె, చేతులు కడిగిన నీళ్లా?"

వాళ్ల కుటుంబం పొలాన్ని ధరలు లేవకముందే అమ్మేసుకుంది. ఈమె వాటాకు వచ్చిన డబ్బుతో రెండు గదుల ఇల్లు కట్టి, నేలంతా పాలరాయి పరిచారు. డబ్బు అక్కడితో అయిపోయి, స్నానాలగదికి తలుపు పెట్టలేకపోయారు. చాలాకాలం గోనెపట్టా వేలాడింది. "గప్పుడు అమ్మకపోతే ఇయ్యాల గీ ఫ్యాక్టరీ నేనే కొంటుంటి" అని వారానికోసారి అనేది. అంత డబ్బు చేతికొచ్చినా ఆమె మొదట కొనేది పాలరాయే అయ్యుండేదని నా నమ్మకం.

అవి హైదరాబాదు చుట్టూ భూమికి పిచ్చిపట్టిన రోజులు. ఎయిర్‌పోర్టు వస్తోందన్నారు, దాని వెనకే రింగురోడ్డు వస్తోందన్నారు. మన్నెగూడ చౌరస్తాలో టీకొట్ల కంటే ప్లాట్లమ్మే ఆఫీసులు ఎక్కువయ్యాయి. మా స్టోరు కీపరు ఇబ్రహీంపట్నం వాడు, యాభైకి దగ్గర పడ్డవాడు. బల్ల మీది అద్దం కింద దేవుడి పటం తీసేసి లేఅవుట్ బొమ్మ పెట్టుకున్నాడు. ఆదివారాలు ప్లాట్ల కంపెనీవాళ్లు బస్సు పెట్టి, బిర్యానీ పెట్టి, బీడు భూములు చూపించుకొచ్చేవారు. ఆ బిర్యానీ కబురు మా ఇంజనీరు చెవిన పడ్డాక ఇక అతను ఒక్క ఆదివారం కూడా మానలేదు.

మొదట బిర్యానీకి వెళ్లాడు. తర్వాత వాయిదాల మీద ఒక ప్లాటు కొన్నాడు. దాని ధర పెరిగిందని చెప్పుకుని ఇంకొకటి, అలా నాలుగు. పొద్దున టిఫిను దగ్గర ఆ వారం ధరలు చదివి వినిపించేవాడు. "ఈ వారం నిద్రపోతూ మూడు నెలల జీతం సంపాదించానాంటీ" అనేవాడు. మేం మేలుకుని సంపాదించేవాళ్లం కాబట్టి మాకు చిన్నతనంగా ఉండేది. కుళ్లుకున్నాం కూడా, దాచడమెందుకు. మావారు రెండు రాత్రులు నిద్రమానుకుని, షాపు అమ్మేసి ప్లాటు కొందామా అని ఆలోచించారు. మూడో రోజు ఎవరో పెళ్లి జాకెట్లు పెద్ద మూటగా తెచ్చివ్వడంతో మర్చిపోయారు. మా ఇంటి ఆర్థిక ప్రణాళిక ఎప్పుడూ అలాగే నడిచింది.

ఒకసారి గాలివానకు టెస్టింగు సెక్షన్ హెల్పరు ఇంటి రేకులు లేచిపోతే అందరం తలా పది రూపాయలు వేశాం. ఇంజనీరు, "ఈ నెల బడ్జెట్టులో లేదండి" అన్నాడు. తన పెళ్లికి మమ్మల్నెవరినీ పిలవలేదు. తిరిగొచ్చిన రోజు లడ్డూల డబ్బా తెచ్చి, అందరికీ సరిపోవాలని ఒక్కోటి సగానికి కొయ్యమని నాకే కత్తి ఇచ్చాడు.

వైండింగ్ అక్క సగం లడ్డూ అరచేతిలో పెట్టుకుని, "గీ సారు పెండ్లాన్ని గూడ సగమే తెచ్చుకున్నడా?" అంది.

ముప్పై మూడేళ్లకే, అనుకున్నదానికంటే రెండేళ్లు ముందే, రాజీనామా ఇచ్చేశాడు. ఆ రోజు క్యాంటీన్లో అందరికీ టీ, ఒక్కొక్క బిస్కట్టు. లేచి నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు.

"మీరందరూ రేపు పొద్దున లేచి బస్సు కోసం పరిగెత్తుతారు. నేను పరిగెత్తను. జీతం అంటే బందిఖానాలో పెట్టే కూడు. మీ మీద ప్రేమతో చెబుతున్నాను."

ఏడేళ్లు మా కూడు తిని, అది బందిఖానా కూడని మా క్యాంటీన్లోనే చెప్పి వెళ్లాడు. చప్పట్లు కొట్టాం. బిస్కట్టు తిన్నాక కొట్టకపోతే బాగోదు.

తర్వాత మూడేళ్లు అతని మాట వినలేదు.

ఈలోపు మా ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న పొలాలన్నీ రాళ్లు పాతిన గడులుగా మారిపోయాయి. మేం చేసే మోటార్లకంటే మేం నిలబడ్డ నేల ఖరీదైంది. మేనేజరుగారు తెల్లచొక్కాల పెద్దమనుషులను తెచ్చి మా పక్కగదిలో భోజనం పెట్టించేవారు. నేను పెరుగు వడ్డిస్తుంటే వాళ్లు పార్కు ఏ మూల రావాలో, గేటు ఎటు పెట్టాలో మాట్లాడుకునేవారు. గరిటె పట్టుకున్న ఆడదానికి తెలుగు రాదనుకున్నారో ఏమో, గొంతు కూడా తగ్గించలేదు.

మొదటిసారి విన్న సాయంత్రమే వైండింగ్ అక్కకు చెప్పాను.

"నాకెర్కే" అంది. "గోడ అవతల కడీలు పాతినోళ్లు గోడ ఇవతలికి రాకుంట ఉంటరా?"

కానీ ఫ్యాక్టరీ మూసెయ్యడం అంత తేలిక కాదు. మూస్తే అందరికీ చట్ట ప్రకారం ఇవ్వాల్సింది ఇవ్వాలి, లేబరాఫీసుకు జవాబు చెప్పుకోవాలి. మాకై మేమే పోతామని సంతకాలు పెడితే ఆ బాధలేవీ ఉండవు. దానికి వీఆర్ఎస్ అని పేరు. స్వచ్ఛందంగా పోవడం అన్నమాట. స్వచ్ఛందంగా పోవడానికి ఎవరూ ముందుకు రాకపోవడంతో, మేనేజరుగారు ఒక ఎత్తు వేశారు.

నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. "మీ ఆర్థిక స్వాతంత్ర్యం మీ చేతుల్లో: ప్రత్యేక శిక్షణ తరగతి." కింద, నలభై అయిదేళ్లు దాటినవారందరికీ హాజరు తప్పనిసరి అని రాశారు. స్వాతంత్ర్యం గురించి వినడానికి రాకపోతే ఆ పూట జీతం కోత.

తరగతి మా క్యాంటీన్లోనే. బల్లలు గోడవారకు జరిపించి, కుర్చీలు వేయించాను. చెప్పడానికి వచ్చినవాడు ఎవరనుకున్నారు. మా ఇంజనీరే. నడి ఎండాకాలంలో కోటు వేసుకున్నాడు. జుట్టు వెనక్కి దువ్వాడు. నన్ను చూసి, "బాగున్నారా మేడమ్" అన్నాడు. మూడేళ్లలో ఆంటీ కాస్తా మేడమ్ అయ్యింది.

ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. ఇరవై అయిదేళ్లవాడు ఏం చెయ్యాలి, ముప్పై అయిదేళ్లవాడు ఏం చెయ్యాలి. ఆ హాల్లో ఆ వయసువాడు ఒక్కడూ లేడు, అయినా చాలాసేపు చెప్పాడు. తర్వాత మా వయసు దగ్గరకొచ్చేసరికి ముఖం విచారంగా పెట్టాడు.

"యాభై దాటినవాళ్లు బండి తప్పిపోయినట్టే. కానీ మీ అదృష్టం చూడండి, కంపెనీ మీ కోసం ఇంకో బండి ఆపింది."

గోడ మీద సముద్రపు ఒడ్డు వచ్చింది. ఇసుకలో ఒక ఖాళీ కుర్చీ.

"ఆ కుర్చీ ఎవరిదో తెలుసా? మీదే" అన్నాడు.

"గంత ఎండల ఇసుక మీద ఎవడు కూసుంటడు, కాలదా?" అని వెనకనుంచి వైండింగ్ అక్క గొంతు వినిపించింది. నవ్వులు లేచాయి. అతను నొచ్చుకోలేదు. తనను చూడమన్నాడు. ముప్పై మూడేళ్లకే బయటపడ్డానన్నాడు. నాలుగు ప్లాట్లు, పొద్దున అలారం లేని జీవితం, ఎవడికీ సలాం కొట్టక్కర్లేదు. మీరు ఈ డబ్బు తీసుకుని తెలివిగా పెట్టుకుంటే మీరూ నాలాగే బతకొచ్చన్నాడు. ఎక్కడ పెట్టాలో కూడా చెప్పాడు. రింగురోడ్డుకు దగ్గర్లో తనకు తెలిసిన లేఅవుట్ ఒకటుందట. చివరగా, ఆ సాయంత్రం అయిదింటిలోపు సంతకం పెట్టినవాళ్లకు కంపెనీ కొంత అదనంగా ఇస్తుందని, ఆ తర్వాత ఆ అవకాశం ఉండదని ప్రకటించాడు.

ఇక్కడ ఎవరో లేచి అతన్ని కడిగేశారని మీరు ఎదురుచూస్తుంటారు. అలాంటిదేం జరగలేదు. జనం నమ్మారు. మూడేళ్ల కిందట మా కళ్లముందే వెళ్లిపోయి, కోటుతో తిరిగొచ్చిన మనిషిని నమ్మక ఏం చేస్తారు. స్టోరు కీపరు అందరికంటే ముందు లేచి, "నేను గీ దినం కోసమే నౌకరి చేసినట్టున్నది" అంటూ సంతకం గీకేశాడు. అతని వెనక వరస కట్టారు. పప్పుబెల్లాల కోసం పిల్లలు నిలబడ్డట్టు నిలబడ్డారు, యాభై ఏళ్ల మనుషులు.

వైండింగ్ అక్క కూడా ఫారం తీసుకుంది. నాకు ఆశ్చర్యమేసింది.

"నువ్వు కూడానా అక్కా?"

"మా పోరడు పానం తీస్తుండు చెల్లె. ఎయిర్‌పోర్టు కాడ కారు తిప్పుతడట. నేను సంతకం బెడ్తేనే కారు. పొద్దుగాల నుంచి గేటు కాడ్నే నిలవడ్డడు."

ఆమెకు అప్పటికి యాభై ఒకటి. ఇంకా ఏడేళ్ల సర్వీసు ఉంది. మొగుడు పోయాడు. ఆ జీతం తప్ప ఇంట్లోకి నికరంగా వచ్చేది ఏమీ లేదు. పైగా ఒక కంట్లో శుక్లం ముదురుతోంది. ఉద్యోగంతోపాటు మాకిచ్చే ఆస్పత్రి కార్డు మీద ఆపరేషన్ చేయించుకోవాలని తిరుగుతోంది. సంతకం పెడితే ఆ కార్డు కూడా పోతుంది. ఆ సంగతి ఆ బొమ్మల్లో ఎక్కడా లేదు.

"పెట్టకక్కా" అన్నాను.

"పెట్టకుంటే ఏమైతది? రేపు ఎట్లనో మూస్తరు గద. గిదన్న చేతికొస్తది." ఆమె మాటలో తప్పేం లేదు. ఫారం మడిచి జాకెట్లో దోపుకుని, పని దగ్గరకు వెళ్లిపోయింది.

అందరి భోజనాలు అయిపోయాక ఇంజనీరు వచ్చాడు. కోటు తీసి కుర్చీకి తగిలించాడు. చొక్కా వీపంతా తడిసి ఉంది. నేను వడ్డించాను. పాఠాలేం చెప్పకుండా తిన్నాడు. అన్నం మళ్లీ వేయించుకున్నాడు, మళ్లీ వేయించుకున్నాడు. పొద్దున ఏమీ తినకుండా వచ్చినవాడి తిండి అది. క్యాంటీన్లో అన్నేళ్లు పనిచేసిన నాకు ఆకలికీ, రుచికీ తేడా తెలియకపోదు.

"ఆంటీ" అన్నాడు. నేను మళ్లీ ఆంటీ అయ్యాను. "మేనేజరుగారు మీ మాట వింటారు కదా."

"నా మాట వినడు, నా పప్పు తింటాడు. ఏం కావాలి?"

"ఈ పెద్దవాళ్లందరూ వెళ్లిపోయాక టెస్టింగులో ఖాళీలు ఉంటాయి కదండీ. నన్ను మళ్లీ తీసుకుంటారేమో కాస్త కనుక్కుంటారా?"

నాకు సరిగా వినపడలేదేమో అనుకున్నాను.

"నువ్వు రిటైరయ్యావు కదా."

"అయ్యానండి."

"మరి?"

అప్పుడు చెప్పాడు. నాలుగు ప్లాట్లలో ఒకదానికి దారి లేదు. ఒకటి కోర్టులో ఉంది. మిగిలిన రెండూ ఇతనికి అమ్మినవాడు ఇంకొకరికి కూడా అమ్మాడు. కాగితం మీద వాటి విలువ ఇప్పటికీ ప్రతి వారం పెరుగుతూనే ఉందట, కొనేవాడు మాత్రం లేడు. ఇల్లు భార్య బడి జీతంతో గడుస్తోంది. ఇలాంటి తరగతులు చెబితే ఏదో వస్తుంది. ఈ తరగతి డబ్బు కూడా, ఎంతమంది సంతకం పెడితే దాన్నిబట్టి ఇస్తామన్నారు.

"పాపకు ఆయాసమండి. మా ఆవిడ ఆస్పత్రి కార్డు ఉన్న ఉద్యోగం చూసుకోమని గొడవపెడుతోంది."

పాప మాట వినగానే నాకు జాలి కలిగింది. లేదని చెప్పను. కానీ ఆ జాలి నా కోపాన్ని చల్లార్చేంత లేదు.

"జీతం బందిఖానా కూడని ఇంతమందికి పొద్దున్నే చెప్పావు కదయ్యా."

అతను మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, నాకు అర్థమయ్యేలా నిదానంగా చెప్పాడు. "అది ప్రజెంటేషనాంటీ."

ఇంకో తమాషా ఏమిటంటే, ఈ ఫ్యాక్టరీ మూతపడబోతోందని అతనికి తెలియదు. ఖాళీలు వస్తాయని మనస్ఫూర్తిగా నమ్మాడు. ఎవరెవరిని మోసం చేస్తున్నారో చూస్తే, ఆ రోజు ఆ ప్రాంగణంలో మోసపోని మనిషి మేనేజరు ఒక్కడే. ఆయన కూడా ఆ తర్వాత తెల్లచొక్కాలవాళ్ల చేతిలో మోసపోయాడని విన్నాను. అది వేరే కథ.

నేను గరిటె అక్కడే పడేసి వైండింగ్ షెడ్డుకు వెళ్లాను. అక్క ఒళ్లో మోటారు పెట్టుకుని తీగ కూరుస్తోంది. ఆమెకు జరిగింది చెప్పాను.

"ఏమన్నడు? మల్ల జెప్పు."

మళ్లీ చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, చెప్పులేసుకుని ఆఫీసు వైపు నడిచింది. నేను టీ ఫ్లాస్కు పట్టుకుని వెనకాలే వెళ్లాను. ఆ ఫ్లాస్కు ఉంటే నన్ను ఏ గదిలోకీ రావద్దనేవాడు లేడు.

మేనేజరు గదిలో ఇంజనీరు మళ్లీ కోటు వేసుకుని కూర్చున్నాడు. స్టోరు కీపరు నిలబడి, తన చెక్కు ఎప్పుడొస్తుందని అడుగుతున్నాడు. అక్కను చూసి మేనేజరు ముఖం విప్పారింది. వైండింగులో ఆమె సంతకం పెడితే మిగతా ఆడవాళ్లందరూ పెడతారని ఆయనకు తెలుసు.

"సంతకం చేశావా అమ్మా?"

"లేదు సారూ. ఒక్క మాట అడగనీకె వచ్చిన. గీ సారు మల్ల నౌకరి గావాలంటుండట గద?"

ఇంజనీరు నా వైపు చూశాడు. నేను కప్పుల్లో టీ పోస్తున్నాను.

"నా జాగ సారుకియ్యుండ్రి" అంది అక్క, ఏ వెటకారమూ లేకుండా, నిజంగానే ఆలోచించి చెబుతున్నట్టు. "ఒక్క నెల దినాలు నా కుర్చీల కూసోని తీగ సుట్టమనుండ్రి. నేను ఇంట్ల ఉంట. నెల గడిచినంక, నౌకరి ఒద్దు, స్వతంత్రమే మంచిగున్నదని గీ సారే అంటే, గప్పుడు నేను సంతకం బెడ్త. ఆయనకు తెల్వని ముచ్చట నాకెట్ల తెలుస్తది?"

మేనేజరు ఇంజనీరు వైపు తిరిగాడు. "ఏమిటయ్యా ఇది? ఉద్యోగం అడిగావా?"

"అడగడమంటే... అన్ని దారులూ చూసుకోవాలి కదా సార్" అన్నాడు ఇంజనీరు.

అబద్ధం ఆడించినందుకు మేనేజరుకు సిగ్గేం వెయ్యలేదు. స్టోరు కీపరు ముందు బయటపడినందుకు మాత్రం చెవులు ఎర్రబడ్డాయి. స్టోరు కీపరు ఇద్దరి ముఖాలూ చూసి, చాలా మర్యాదగా అడిగాడు.

"సార్, నా కాయితం జర వాపస్ ఇస్తరా?"

"అది యాక్సెప్ట్ అయిపోయింది."

సాయంత్రం టీ వేళకు ఈ ముచ్చట అన్ని షెడ్లకూ పాకింది. దానికి నేను పెద్దగా శ్రమ పడలేదు, టీ బండి తోసుకుంటూ వెళ్లానంతే. అయిదయ్యేసరికి మేనేజరు బల్ల ముందు వరస లేదు. సంతకాలు పెట్టినవాళ్లు తిరిగి ఇవ్వమని గొడవ చేశారు. ఇవ్వలేదు. మిగిలినవాళ్లం మిగిలాం.

గేటు దగ్గర అక్క కొడుకు ఎదురొచ్చాడు. నేను పక్కనే ఉన్నాను.

"పెట్టినవా అమ్మా?"

"లే."

"గట్లెట్ల? కారుకు అడ్వాన్సు ఇస్తనని జెప్పిన నేను."

"నీ కారు నువ్వు కొనుక్కో బిడ్డా. నా కన్ను నేను బాగు చేయించుకుంట." అంతే చెప్పి బస్సెక్కింది. వాడు చాలా రోజులు తల్లితో మాట్లాడలేదు. తర్వాత ఎవరిదో కారుకు జీతానికి డ్రైవరుగా చేరాడు. నెలనెలా జీతం వస్తుంటే మాటలు కూడా వాటంతటవే వచ్చాయి.

ఫ్యాక్టరీ ఇంకో ఏడాదిన్నర నడిచింది. ఆ తర్వాత మూసేశారు. మాకు చట్ట ప్రకారం రావాల్సింది వచ్చింది. ముందే సంతకం పెట్టినవాళ్లకంటే కొంచెం ఎక్కువే. దాన్ని గెలుపని నేను అనను. ఉద్యోగం పోవడం ఎలా గెలుపవుతుంది. కానీ ఆ ఏడాదిన్నర జీతం తిన్నాం. అక్కకు కంటి ఆపరేషన్ ఆ కార్డు మీదే అయ్యింది. చూపు బాగుపడ్డాక మొట్టమొదట నా పప్పులోకి తొంగిచూసి, ఇన్నాళ్లూ ఇందులో పప్పు ఉందనే భ్రమలో ఉన్నానంది.

స్టోరు కీపరు తన డబ్బు మొత్తం ఇంజనీరు చెప్పిన లేఅవుట్లోనే పెట్టాడు. ఆ మరుసటి ఏడు భూముల వేడి చల్లారి, అక్కడ గడ్డి కూడా మొలవలేదు. న్యాయంగా చెప్పాలి కదా, ఇప్పుడు మాత్రం దానికి మంచి ధరే ఉంది. ఆయన డెబ్బై దగ్గర పడ్డాడు. మోకాళ్లు అరిగిపోయి, ఆపరేషన్‌కు డబ్బు లేదంటాడు. ప్లాటు అమ్మొచ్చు కదా అంటే, "ఇంకా పెరుగుతది మేడమ్, తొందరెందుకు" అంటాడు. నన్ను చూసి జాలిపడతాడు కూడా, నాకు ప్లాటు లేదని.

దాచుకోవద్దని నేను చెప్పడం లేదు. ఇరవైల్లో దాచుకోండి, ముప్పైల్లో దాచుకోండి. నేను దాచుకోబట్టే ఇవాళ ఈ అపార్ట్‌మెంట్లో లిఫ్టెక్కి మీ కబుర్లు వింటున్నాను. కొన్న నేలకు దారి ఉందో లేదో మాత్రం ఒకసారి నడిచి చూసుకోండి. బిర్యానీ లేని రోజున వెళ్లండి. పని మానేశాక ఏం చేస్తావని ఎవరైనా అడిగితే, నవ్వి ఊరుకోకుండా ఒక జవాబు వెతుక్కోండి. మా ఇంజనీరు దగ్గర లెక్కలన్నీ ఉండేవి, ఆ జవాబొక్కటే లేదు.

అతని సంగతి చెప్పి ముగిస్తాను. మేనేజరు అతన్ని తిట్టి పంపలేదు. అంత అవమానం జరిగాక కూడా, మిగిలిన సంతకాలు సేకరించడానికి కాంట్రాక్టు మీద తీసుకున్నాడు. ఆస్పత్రి కార్డు లేదు, సెలవులు లేవు. అతను రోజూ బస్సు కోసం పరిగెత్తి వచ్చి, మా దగ్గర టిఫిన్ తిని, మమ్మల్ని ఉద్యోగం మానెయ్యమని బతిమాలేవాడు. ఫ్యాక్టరీ మూసిన రోజున మాకందరికీ చెక్కులొచ్చాయి. అతనికి మాత్రం రాలేదు.

అక్క తన డబ్బు పెట్టి ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద చిన్న షాపు తెరిచింది. కాలిపోయిన బోరు మోటార్లకు మళ్లీ తీగ చుట్టి ఇస్తుంది. మా వైండింగు ఆడవాళ్లు ఇద్దరు ఆమె దగ్గరే చేరారు. ఎండాకాలం వస్తే ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. ఒకసారి నేను చూడ్డానికి వెళ్తే, షాపు ముందు మెట్టు మీద ఇంజనీరు కూర్చుని ఉన్నాడు. పని నేర్పమని వచ్చాడట. అక్క పైకీ కిందికీ చూసి, "కోటు ఇంటికాడ పెట్టి రా" అంది. అంతే. ఇంకే మాటా అనలేదు. ఆమె నోటికి అది ఎంత దయో నాకు తెలుసు.

వారం తర్వాత మళ్లీ వెళ్లాను. షాపులో అతను కనపడలేదు.

"మన ఇంజనీరేడీ అక్కా?"

అక్క మోటారులోంచి తల ఎత్తలేదు. తీగను పళ్లతో పట్టి లాగి, చెప్పింది.

"రెండొద్దులు వచ్చిండు చెల్లె. మూడో నాడు మల్ల రిటైరైండు."